మూడో గడిలో గీత

మూడు కొటేషన్లు బల్ల మీద,
ఎగరకుండ వాటి మీద పంచింగ్ మిషన్.
పాలమూరు ఏప్రిల్ గాలి
కాగితం కండ్ల పడితే ఊరుకోదు.

హైదరాబాద్ నుంచొచ్చిన పిల్లగాడు
టై వదులు చేసుకుంట చెప్తుండు:
నిమిషానికి అరవై అయిదు పేజీలు,
నెలకు మూడు లక్షలైనా తట్టుకుంటది,
నెట్‌వర్కుల నూట నలభై సిస్టాలున్నా సరే
క్యూల పెట్టి ఒక్కొక్కటే పిలుస్తది.

క్యూ అనంగనే
వహీద్ సారు కిటికీ దిక్కు చూసిండు.
కింద రేకుల షెడ్డు దాకా ఉంది క్యూ.
చెప్పులను వరుసల నిలబెట్టి
మనుషులు నీడకు పోయిన్రు.

కమిటీలకు నన్నెందుకు పిలిచిన్రో.
నేను ఔట్‌సోర్సింగ్ మనిషిని,
ఫైలుల నా సంతకానికి గడి ఉండదు.
"రోజూ దాంతోని కొట్లాడేది నువ్వే గద స్వరూపా,
చెప్పు" అన్నడు సారు.

పాతదానికి తొమ్మిదేండ్లు.
నాలుగు ట్రేలల్ల రెండే మింగుతది,
లీగల్ సైజు పెడితే దగ్గుతది,
కాగితం ఇరుక్కుంటే వెనక తలుపు తీసి
చెయ్యి కాలకుండ లాగాలె.
ఆ విద్య మా ఇంట్ల పొయ్యి నేర్పిందే.
లోపల డ్రమ్ము మీద ఎక్కడనో
గోరు గీరినంత గాయం.
అందుకే బయటికొచ్చే ప్రతి పేజీల
మూడో గడి మీదికెళ్లి అడుగు దాకా
వెంట్రుకంత నల్ల గీత.

నవాబుపేట పహాణీల గీత,
కోయిలకొండ కులం సర్టిఫికెట్ల గీత,
పుట్టినోళ్ల పేరు మీద, పోయినోళ్ల పేరు మీద
అదే గీత.

కావలి ఆశన్న ఓసారి
నకలు పట్టుకొని మెట్లు దిగి
మళ్ల ఎక్కొచ్చిండు.
"గీ గీతేందమ్మా, కాల్వనా?
నా చెల్క నడుమల నుంచి పోతదా?"
కాల్వ కాదు పెద్దయ్యా, మిషన్ గీత అన్న.
"మిషన్లొచ్చినంకనే గద
కాల్వ తవ్వుడు" అన్నడు.
మెట్ల మీద కూసొని
చాలాసేపు ఆ గీతను వేలితో కొలిచిండు.

గీ ముచ్చట కమిటీకి చెప్పలే.
పిల్లగాన్నే అడిగిన:
మధ్యాహ్నం కరెంటు మూలుక్కుంట వస్తది, ఆగుతదా?
రెండు దిక్కుల కొడితే
మా మోటు కాగితం అప్పడం లెక్క వంగదా?
టోనర్ అయిపోతే మీ ఊరికి ఉత్తరం రాయాల్నా,
న్యూటౌన్ల సిరాజ్ నింపొచ్చా?

చిప్పుంటది మేడం,
బయటోళ్లు నింపితే మిషన్ ఒప్పుకోదు, అన్నడు.

సిరాజ్ యాదికొచ్చిండు.
పండుగ నాడు సేమియా గిన్నె ఇచ్చేటప్పుడు కూడా
గోళ్ల సందున నలుపు పోని సిరాజ్.

రెండో కొటేషన్‌ది నిమిషానికి యాభయ్యే.
రేటు మూడు వేలు ఎక్కువ.
ఆడిట్‌కు ఏం రాద్దాం అన్నరు అకౌంట్స్ వాళ్లు.
వహీద్ సారు అద్దాలు తుడుసుకొని
పేజీకెన్ని పైసలు పడుతయో
ఐదేండ్ల దాకా లెక్కగట్టిండు,
పెన్సిల్‌తోని,
పాత మిషన్ చెడగొట్టిన కాగితం వెనక.

జూన్ల దిగింది కొత్తది.
నలుగురు మోసుకొచ్చిన్రు,
ఒకరు కొబ్బరికాయ కూడా తెచ్చిన్రు,
తడి తగులొద్దని నేను దూరంగ కొట్టించిన.
మొదటి పేజీ వెచ్చగ వచ్చింది,
మూడో గడి తెల్లగ, ఖాళీగ.
ఏందో, ఎవరో చెప్పకుండ
బదిలీ మీద పోయినట్లనిపించింది.

వానలు పడ్డంక ఆశన్న వచ్చిండు,
బ్యాంకు లోనుకు కొత్త నకలు కావాల్నని.
తీసుకొని వెలుగుకు పట్టిండు,
తిప్పిండు, వెనక చూసిండు,
పాతది అంగి జేబుల నుంచి తీసి
పక్కన పెట్టి చూసిండు.

"గీత లేదు గదమ్మా.
గిది అసలుదేనా?"

ముద్ర చూపిచ్చిన, సంతకం చూపిచ్చిన.
ఆయన చూపు మూడో గడి దాటలే.

సారు బల్ల మీద స్కేలుంది,
పక్కన నల్ల పెన్ను.
నా చెయ్యి ఒక్క గడియ
అటు దిక్కు పోయిన మాట నిజం.